కుదురులేని కుర్రవాడు

తరగతిలో కుదురుగా కూర్చోలేని పిల్లవాడికి మనవాళ్ళు పెట్టిన పేర్లు చాలా ఉన్నాయి: కోతి, తుంటరి, పొగరుబోతు. ఆ అస్థిమితం మెదడు తీరులోనే ఉండవచ్చునని మాత్రం ఎవరికీ తోచదు. జనగామ, భూపాలపల్లి, మహబూబాబాద్‌లలో తెలుగు పాఠాలు చెప్పాను. అటువంటివాడు లేని తరగతి నాకు తారసపడలేదు.

మహబూబాబాద్‌లో ఒకడు పద్యం వింటే ఇట్టే పట్టేసేవాడు. రాయమంటే రెండు పంక్తులకే లేచి నిలబడేవాడు. "దెబ్బలే మందు సారూ! ఇంటర్ ఫెయిలైతే కూలికి తోలుకపోత" అన్నాడు తండ్రి. నేను వాణ్ణి కిటికీ పక్కనుంచి మొదటి బెంచీకి మార్చాను. పెద్ద ప్రశ్నను మూడు ముక్కలు చేసి ఒక్కొక్కటే ఇచ్చాను. మధ్యమధ్య నల్లబల్ల తుడవడం, హాజరుపట్టీ ఆఫీసులో ఇచ్చిరావడం వాడి ఉద్యోగం! కాళ్ళకు పని దొరికాక చెవులు నాకు దక్కేవి. ఆ ఉద్యోగం మీద తక్కినవాళ్ళకు కాస్త అసూయ లేకపోలేదు.

పాత వరంగల్ జిల్లాలోంచి ఈ మూడూ విడి జిల్లాలైన 2016లోనే వికలాంగుల హక్కుల కొత్త చట్టం వచ్చింది. అది గుర్తించిన 21 వైకల్యాలలో చదవడం, రాయడం పట్టుబడని అభ్యసన వైకల్యం ఉంది, డాక్టర్లు ఎ.డి.హెచ్.డి. అనే ఈ అస్థిమితం లేదు. అదొక్కటే ఉన్నవాడికి కాగితం పుట్టదు. ఇక మిగిలింది పాఠం చెప్పేవాడి ఓపికే కాబోలు.

మావాడు పరీక్షలో మూడు గంటలూ కూర్చున్నాడు. తెలుగు గట్టెక్కింది, ఇంగ్లీషు తప్పింది. సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి తండ్రే వచ్చాడు.