అది వేరే కల్పం

మా మేనల్లుడికి తొమ్మిదేళ్ళు. మొన్న ఒక ఆదివారం మధ్యాహ్నం వాణ్ణి నా మీద వదిలేసి మా చెల్లెలు పెళ్ళి చీరలు చూడ్డానికి బజారుకెళ్ళింది. వాడి చేతిలో రిమోటు, నా చేతిలో పేపరు. "బ్యాట్‌మ్యాన్ పెట్టుకోనా మామయ్యా?" అన్నాడు. బొమ్మల సినిమాయే కదా, పెట్టుకోమన్నాను. కాసేపటికి వాడి దగ్గర్నుంచి చప్పుడు లేదు. తొమ్మిదేళ్ళ పిల్లాడు చప్పుడు చెయ్యట్లేదంటే ఏదో జరుగుతున్నట్టే. పేపరు దించి చూద్దును కదా, తెర మీద బ్యాట్‌మ్యాన్ ఒకడి మెడ కొరికి నెత్తురు తాగుతున్నాడు. వీడు సోఫా దిండును గుండెలకు హత్తుకుని బిగుసుకుపోయి కూచున్నాడు. "మామయ్యా, ఈయన మన బ్యాట్‌మ్యాన్ కాదు" అన్నాడు, నావైపు తిరక్కుండానే.

"అది వేరే కల్పంలేరా" అన్నాను. అనేశాక తెలిసింది, ఆ మాట నాది కాదు, మా ఊరి పౌరాణికుడిది.

చిన్నప్పుడు మా ఊరి రామాలయంలో ఎండాకాలం సాయంత్రాలు పురాణం చెప్పించేవారు. వినాయకుడి పుట్టుక ఒక పురాణంలో ఒకలా, ఇంకో పురాణంలో ఇంకోలా ఉందేమిటని ఎవరైనా ఆకతాయి అడ్డు తగిలితే ఆయన తొణికేవాడు కాదు. చిటికెడు పొడుం పీల్చి, ఉత్తరీయంతో ముక్కు తుడుచుకుని, "కల్పభేదం నాయనా" అనేవాడు. బ్రహ్మగారికి ఒక పగలు ఒక కల్పం, అంటే మన లెక్కలో 432 కోట్ల సంవత్సరాలు. తెల్లారితే మళ్ళీ సృష్టి, మళ్ళీ అదే కథ, కాస్త తేడాతో. కాబట్టి రెండూ నిజమే. అడిగినవాడు కూచునేవాడు, కథ ముందుకు సాగేది.

అమెరికా కామిక్స్ వాళ్ళకూ సరిగ్గా ఇదే చిక్కొచ్చింది. 1940లో ఇనపటోపీ పెట్టుకున్న ఫ్లాష్ అనే వీరుడొకడు ఉండేవాడు. 1956లో డీసీ కంపెనీ అదే పేరుతో, వేరే దుస్తుల్లో, వేరే మనిషిని దింపింది. పాత పుస్తకాలు దాచుకున్న పిల్లలు ఊరుకుంటారా? 1961లో ఇద్దర్నీ ఒకే కథలో కలిపి, పాతాయనది ఒక భూమి, కొత్తాయనది ఇంకో భూమి అని తేల్చేశారు. పొడుం డబ్బీ ఒక్కటే తక్కువ. 1964లో మూడో భూమి పుట్టింది. అక్కడ మన వీరులంతా దొంగలు. ఆ భూమి చరిత్ర కూడా తిరగబడే ఉంటుంది, ప్రెసిడెంటు పేరు బూత్, ఆయన్ని కాల్చి చంపినవాడి పేరు లింకన్. ఆ ఒక్క ముక్క రాసినవాడి చేతికి ముద్దుపెట్టాలనిపిస్తుంది నాకు.

ఇంతకీ ఆదివారం మా ఇంట్లో నెత్తురు పారించిన సినిమా 'జస్టిస్ లీగ్: గాడ్స్ అండ్ మాన్‌స్టర్స్', 2015ది. దర్శకుడు శామ్ లియు. కథ ఆలన్ బర్నెట్, బ్రూస్ టిమ్ ఇద్దరిదీ. ఈ బ్రూస్ టిమ్ సామాన్యుడు కాడు. 1992లో టీవీలో వచ్చిన బ్యాట్‌మ్యాన్ యానిమేటెడ్ సిరీస్‌ను ఎరిక్ రాడోమ్‌స్కీతో కలిసి తయారుచేసింది ఆయనే. ఆ సిరీస్‌లో నేపథ్యాలను నల్ల కాగితం మీద గీసేవారు. తెల్ల కాగితం మీద చీకటి పులమడం మానేసి, నల్ల కాగితం మీద అవసరమైనచోట మాత్రం వెలుగు అద్దేవారన్నమాట. ఆ సిరీస్ తొలి ఎపిసోడ్లలో ఒకదానిలో కర్క్ లాంగ్‌స్ట్రమ్ అనే శాస్త్రజ్ఞుడు గబ్బిలంగా మారి ఊరిమీద పడతాడు. అతన్నే ఇరవై మూడేళ్ళ తర్వాత టిమ్ బ్యాట్‌మ్యాన్ని చేసేశాడు. క్యాన్సర్‌కు మందు కనుక్కోబోయి, అది తనమీదే వేసుకుని, మనిషి నెత్తురు లేనిదే బతకలేని స్థితికి వచ్చిన బ్యాట్‌మ్యాన్.

సూపర్‌మ్యాన్ సంగతి ఇంకా బాగుంటుంది. క్రిప్టాన్ గ్రహం పేలిపోయే ఘడియలో బిడ్డను పంపే తొట్టె సిద్ధంగా ఉంది. తల్లి తన వంతు ఇచ్చింది. తండ్రి జోర్-ఎల్ వేలు పెట్టాల్సిన చోట, మీదపడి వచ్చిన జనరల్ జాడ్ తన వేలు పెట్టేశాడు. అంతే, ఒక్క వేలు, బిడ్డ జాడ్ కొడుకైపోయాడు! ఆ బిడ్డ అసలు కథలోలా కాన్సస్‌లో కెంట్ దంపతులకు దొరకలేదు. మెక్సికో నుంచి వలసొచ్చిన వ్యవసాయ కూలీలకు దొరికాడు. హెర్నాన్ గెర్రా అని పేరు పెట్టుకుని పెంచారు. పెంచినవాళ్ళు మంచివాళ్ళే, ప్రాణం పెట్టి పెంచారు. కానీ చుట్టూ ఉన్న లోకం ఆ మంచివాళ్ళతో ఎలా ప్రవర్తించిందో పిల్లాడు చూస్తూ పెరిగాడు. అందుకే ఈ సూపర్‌మ్యాన్ గడ్డంతో, ముటముటలాడే మొహంతో, ఎవరికీ సంజాయిషీ చెప్పనవసరం లేదన్నట్టు తిరుగుతాడు. వీడు చెడ్డవాడవడానికి జాడ్ నెత్తురు కారణమా, లేక కూలి బతుకు చూపించిన లోకమా అన్నది సినిమా తేల్చి చెప్పదు. చెప్పకపోవడమే మంచిదయింది.

వండర్ ఉమన్ కథలో ఒక పెళ్ళి ఉంది, ఆ పెళ్ళిలో ఊచకోత ఉంది. ఇంతకంటే చెప్పను.

మా వాడు దిండు వెనకనుంచి తల బయటికి పెట్టి ఒక ప్రశ్న వేశాడు. "మరి ఆల్ఫ్రెడ్ తాతయ్య ఏడీ? ఈయనకి అన్నం ఎవరు పెడతారు?" నిజమే, ఈ బ్యాట్‌మ్యాన్‌కు ఆల్ఫ్రెడ్ లేడు. వేళకు పళ్ళెం తెచ్చిపెట్టి, తినకపోతే విసుక్కుని, గాయాలకు కుట్లు వేసే ముసలాయన లేడు. నేను ఈ సినిమాలు బోలెడు చూశాను గానీ, ఈ కోణంలో చూడాలని తోచలేదు. అప్పట్నుంచి ఇలాంటి సినిమా ఏది పెట్టినా ముందు ఇదే వెతుకుతున్నాను, కథ తిప్పినవాడు తీసేసిన మనిషి ఎవరా అని.

ఇలా వెతికితే ఏది నికార్సైన కథో ఏది ఒట్టి ఆర్భాటమో ఇట్టే తెలిసిపోతుంది. 'రెడ్ సన్'లో సూపర్‌మ్యాన్ వచ్చిన రాకెట్టు కాన్సస్‌కు బదులు సోవియట్ దేశంలో దిగుతుంది, దాంతో మిగతాదంతా దానంతటదే మారిపోతుంది. 'స్పైడర్‌మ్యాన్: అక్రాస్ ది స్పైడర్-వర్స్' 2023లో తెలుగులో కూడా వచ్చింది, మా వాడు అది తెలుగులోనే చూశాడు. అందులో మైల్స్ అనే కుర్రాణ్ణి కుట్టి స్పైడర్‌మ్యాన్‌ని చేసిన సాలీడు నిజానికి 42వ నంబరు భూమిది. అది ఇక్కడికొచ్చి వీణ్ణి కుట్టింది కాబట్టి అక్కడ స్పైడర్‌మ్యాన్ లేడు. అక్కడ తండ్రి పోయాడు, అక్కడి మైల్స్ ప్రౌలర్ అనే దొంగ అయ్యాడు. ఇద్దరికీ ఒకటే మొహం, ఒకడికి తండ్రి ఉన్నాడు, ఒకడికి లేడు. ఇలాంటివి చూస్తే నిద్ర పట్టదు, నెత్తురు చూసి మాత్రం కాదు. 'ఇన్‌జస్టిస్' అని 2021లో ఒకటొచ్చింది. శవాలు లేచినంత వేగంగా కథ లేవదు. 'గోథమ్ బై గ్యాస్‌లైట్' గుర్రబ్బండ్ల కాలపు బ్యాట్‌మ్యాన్, చూడ్డానికి బాగుంటుంది, హంతకుడెవరో తెలిశాక రెండోసారి చూడబుద్ధి కాదు.

అన్నిట్లోకీ నాకు నచ్చింది అసలు సినిమా కూడా కాదు. 2003లో 'జస్టిస్ లీగ్' టీవీ సిరీస్‌లో రెండు భాగాలుగా వచ్చిన 'ఎ బెటర్ వరల్డ్'. ఇంకో భూమిలో సూపర్‌మ్యాన్ శత్రువు లూథర్ అమెరికా అధ్యక్షుడయ్యాడు. ఆ భూమి సూపర్‌మ్యాన్ విసిగిపోయి వాణ్ణి ఆఫీసులోనే కాల్చి చంపాడు. ఆ తర్వాత అక్కడ నేరం లేదు, అల్లరి లేదు, ఎటుచూసినా శుభ్రమే. ఆ భూమి బ్యాట్‌మ్యాన్, మన భూమి బ్యాట్‌మ్యాన్ గుహలో ఎదురుపడతారు. ఇద్దరికీ గొంతు ఇచ్చింది ఒక్కడే, కెవిన్ కాన్రాయ్. తనతో తనే వాదించుకుంటున్నట్టు ఉంటుంది. దానవీరశూరకర్ణలో కృష్ణుడూ తనే, సుయోధనుడూ తనే అయిన ఎన్టీఆర్‌ను చూసినవాళ్ళం, మనకిదేం వింత కాదు. అయితే అక్కడ వేషాలు వేరు. ఇక్కడ ముసుగు, గొంతు, బాధ అన్నీ ఒక్కటే. మనవాడు ప్రజాస్వామ్యం అంటాడు. వాడు, మా లోకంలో ఎనిమిదేళ్ళ పిల్లాడెవడూ తుపాకీ పట్టుకున్న వెధవ చేతుల్లో అమ్మానాన్నల్ని పోగొట్టుకోడు అంటాడు. అలాగే అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న మనవాడి దగ్గర జవాబు లేదు. చేతిలో ఆయుధం కింద పడేస్తాడు.

తర్వాత ఇద్దరూ ఒకే కారులో వెళ్తుంటారు. దారిలో ఒక హోటల్ ముందు ఒకణ్ణి పోలీసులు పట్టుకుపోతున్నారు. చేసిన నేరం ఏమిటంటే, బిల్లు ఎక్కువ వేశారని గొడవ పెట్టుకున్నాడు. మన బ్యాట్‌మ్యాన్ కిటికీలోంచి అది చూసి, అమ్మానాన్నలకు ఈ ఊరు భలే నచ్చేది, ఎంత గర్వపడేవాళ్ళో అన్న అర్థం వచ్చేలా ఒక్క మాట అంటాడు. రెండోవాడు ఆ మాటకు బదులు చెప్పడు. వాదనలో గెలిచినవాడు హోటల్ బిల్లు దగ్గర ఓడిపోయాడు. ఇడ్లీ ప్లేటుకు ఐదు రూపాయలు ఎక్కువ వేశారని కౌంటర్ దగ్గర గంటసేపు నిలబడి వాదించే జాతి మనది. ఆ భూమిలో మనలో సగం మందిమి జైల్లో ఉంటాం.

2010లో వచ్చిన 'క్రైసిస్ ఆన్ టూ ఎర్త్స్' వీటిలోకెల్లా తలబిరుసు సినిమా. రాసింది డ్వేన్ మెక్‌డఫీ. ఇందులో 1964 నాటి ఆ దొంగల ముఠాయే మళ్ళీ వస్తుంది. వాళ్ళ బ్యాట్‌మ్యాన్ పేరు ఔల్‌మ్యాన్. భూములు లెక్కలేనన్ని ఉన్నాయని తెలిసినప్పట్నుంచి వాడికి అన్నం సయించదు. నేను ఎడమకు తిరిగితే ఇంకో భూమిలో ఇంకో నేను కుడికి తిరుగుతాడు. అలాంటప్పుడు నేను ఎటు తిరిగితే ఏమిటి? నిర్ణయం అన్నదానికే విలువ లేదు కదా? కాబట్టి అన్ని భూములకూ మొదలైన భూమిని పేల్చెయ్యడమే నిజంగా చెయ్యదగిన ఒకే ఒక్క పని అంటాడు. చివరికి బాంబుతో సహా మనుషుల్లేని మంచుభూమి మీద పడతాడు. సెకన్లు ఉన్నాయి, ఆపే వీలుంది. ఆపితే ఏం, ఆపకపోతే ఏం అన్నట్టు చిన్నగా నవ్వి ఊరుకుంటాడు. మా పౌరాణికుడు కల్పభేదం అని పొడుం పీల్చి నిద్రపోయేవాడు, పాపం ఔల్‌మ్యాన్‌కు ఆ పొడుం అందలేదు.

ఒక సంగతి మాత్రం చెప్పకపోతే తప్పవుతుంది. వెలుగులో ఉన్న వీరుణ్ణి ఈ కాలంవాళ్ళు చీకట్లోకి ఈడ్చారని గొణిగేవాళ్ళు ఉన్నారు, ఒకప్పుడు నేనూ గొణిగాను. క్లీవ్‌ల్యాండ్‌లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు 1933లో తమ సొంత లిఖిత పత్రికలాంటి దాంట్లో మొదటిసారి సూపర్‌మ్యాన్ అనే పేరుతో కథ వేశారు. ఆర్థికమాంద్యం రోజులు. రొట్టె కోసం వరుసలో నిలబడ్డ ఒక దిక్కులేనివాణ్ణి ఒక ప్రొఫెసరు తీసుకెళ్ళి మందు పెడతాడు. వాడికి ఎదుటివాడి మనసు చదివే శక్తి వస్తుంది, దాంతో లోకాన్ని ఏలాలని బయల్దేరతాడు. మందు దిగిపోయాక మళ్ళీ రొట్టె వరుసలోకే వస్తాడు. బొమ్మలో వాడిది బోడిగుండు. ఎర్ర దుప్పటి కప్పుకున్న మంచివాడు ఐదేళ్ళ తర్వాత, 1938లో వచ్చాడు. అంటే చెడ్డ సూపర్‌మ్యాన్‌దే మొదటి కల్పం. మనం చూస్తూ పెరిగినవాడిది రెండోది.

చీకటి కథల్లోంచి ఏడిపించేది ఒకటి చెప్పమంటే 2013 నాటి 'ఫ్లాష్‌పాయింట్ పారడాక్స్' చెబుతాను. ఫ్లాష్ కాలంలో వెనక్కి పరుగెత్తి, చిన్నప్పుడే హత్యకు గురైన తల్లిని బతికించుకుంటాడు. ఎవరికైనా అనిపించేదే. ఆ ఒక్క పనితో లోకం తలకిందులవుతుంది. ఆ లోకంలో సందులో తుపాకీగుండు తగిలి పోయింది అమ్మానాన్నలు కాదు, పిల్లాడు. బ్యాట్‌మ్యాన్ కావాల్సిన బ్రూస్ పోయాడు, తండ్రి థామస్ వేన్ ముసుగు వేసుకున్నాడు. ఈ బ్యాట్‌మ్యాన్ తుపాకీ పట్టుకుంటాడు, చంపుతాడు, ఎవరి దగ్గరా ఏమీ ఆశించడు. ఇంకో లోకంలో తను పోయి కొడుకు బతికాడని ఫ్లాష్ ద్వారా తెలుస్తుంది. ఆ లోకాన్ని మళ్ళీ నిలబెట్టడానికి, తను లేకుండా పోవడానికి, ఆయన రెండో మాట లేకుండా ఒప్పుకుంటాడు. పోయేముందు కొడుక్కి ఒక ఉత్తరం రాసి ఫ్లాష్ చేతికిస్తాడు.

చివర్లో ఫ్లాష్ దాన్ని తెచ్చి బ్రూస్‌కి ఇస్తాడు. బ్రూస్‌కి గొంతు ఇచ్చింది మళ్ళీ కాన్రాయ్ గారే. తండ్రి చేతిరాత చూసి బ్యాట్‌మ్యాన్ ఏడుస్తాడు. కాన్రాయ్ 2022 నవంబరులో పోయారు. ఆ సన్నివేశం మళ్ళీ చూడాలంటే ఇప్పుడు నాకు కాస్త ధైర్యం కావాలి.

మా చెల్లెలు సాయంత్రం ఆరింటికి మూడు సంచులతో వచ్చింది. కొడుకు మొహం చూసింది, తెర వైపు చూసింది. "ఏం చూపించావు అన్నయ్యా వీడికి?" అంది. కల్పభేదం గురించి చెప్పబోయాను. వినిపించుకోలేదు. ఆ రాత్రి వాడు లైటు వేసుకుని పడుకున్నాడట, మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పింది.

కాబట్టి ఇవి చూడాలనుకునేవాళ్ళకు నా మనవి. ఫ్లాష్‌పాయింట్‌తో మొదలుపెట్టండి, పిల్లలు పడుకున్నాక పెట్టుకోండి. సినిమా మొదలయ్యేటప్పుడు తెర మీద ఒక మూల వయసు అంకె వేస్తారు. నేను చూడలేదు, మీరు చూడండి.