కొలనికి మెట్లు

నీటిలో దిగుటకు నిలువు నిచ్చెన చాలునని మొదట తలచినవా రెవరో గాని, వారు చీర కట్టినవారు మాత్రము కారు. కడవ చంకనిడుకొని బావికిని చెరువునకును దిగినవారు మన స్త్రీలే గదా! వారి పాదములకై పూర్వులు రాతిమెట్లు కట్టిరి. మా తార్నాక ప్రక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసిన అడిక్‌మెట్ భూములు ఒకప్పుడు మహ్ లఖా బాయి చందా జాగీరు. 1768లో జన్మించి 1824లో గతించిన యా విదుషి ఉర్దూ గజళ్లు రచించినది. విద్యాలయ ప్రాంగణమున నామె పేర చెప్పుకొను మెట్లబావి యొకటి కలదు. అట్టి చోటికి కూతవేటు దూరముననున్న మా పెరటి కొలనికి మెట్లు లేకుండుట మాకు చిన్నతనముగ దోచెడిది.

ఆ కొలను నాలుగడుగుల లోతు. లోపల గచ్చు గాని పలకలు గాని లేవు. గోడలకును అడుగునకును నీలపు వినైల్ పొర పఱచియున్నది. దిగుటకు ఇనుప నిచ్చెన యొక్కటే. మా యత్తగారికి మోకాళ్ల నొప్పులు. నీటిలో నడచినచో మేలని వైద్యులు చెప్పిరి. నడుము లోతు నీట శరీరభారము సుమారు సగమగును. ఱొమ్ము లోతున ఇంచుమించు మూడవవంతే మిగులును. కాని భారము తగ్గు నా చోటికి చేరుటకే ఆమెకు త్రోవ లేదు. రెండు వేసవులు గట్టుపై కూర్చుండి పాదములు తడుపుకొనిరి.

వినైల్ పొరకు మేకు కొట్టరాదు. స్థిరమైన మెట్లు కావలెనన్న, పొర మార్చునప్పుడే కట్టి, వాని యాకారమునకు కత్తిరించిన క్రొత్త పొరను పైన పఱపవలయును. ఉన్న పొరను కోసి అచ్చుమెట్లు గోడకు బిగించుటయు కలదు. అప్పుడు కోసిన యంచున రబ్బరుపట్టీ నుంచి, చట్రమును మరలతో బిగింపకున్న నీరు కారిపోవును. పాత పొర బిరుసెక్కియుండును. నీరంతయు తోడినచో ముడుచుకొని, మరల సాగదీయగా చినుగవచ్చును. వానకాలమున భూమిలోని యూట దానిని పైకెత్తుటయు కలదు. అందుచే మేము నీరు తోడక, పొర కోయక, లోపల దింపి నిలుపు ప్లాస్టిక్ మెట్లనే కోరుకొంటిమి.

కొనునప్పుడు చూడవలసినది రంగు గాదు, ఎత్తు. నాలుగడుగుల లోతునకు నాలుగు మెట్లే యున్నచో ఒక్కొక్క యెత్తు పదియంగుళములకు దగ్గఱగును. ఆఱున్నచో ఏడంగుళముల లోపు. నొప్పిమోకాలికి ఆ మూడంగుళములే కొండ! ఇరుప్రక్కల చేపట్టు కావలెను. అడుగున మెత్తని వినైల్ చాప వేయకున్న మెట్ల కోళ్లు పొరను ఒరసి చిల్లులు పెట్టును. తేలిపోకుండ బరువుంచవలయును, మేము ఇసుక విడిగా పోయక, కడిగిన గులకరాళ్లను గట్టి సంచులలో కుట్టి యుంచితిమి. నీరు లోతును తక్కువగ జూపును గనుక ప్రతి మెట్టు అంచునను ముదురురంగు పట్టీ యంటించితిమి.

అంతలో మా తోడికోడలు ఒక మాట యనెను: “అక్కా, నిచ్చెనయైన తీసి దాచవచ్చును. ఈ మెట్లు ఎల్లప్పుడు నుండునే! అత్తయ్యగారికి త్రోవయైనది మా చంటివానికిని త్రోవ గాదా?” వానికి మూడేండ్లు. ఆ మాట మమ్ము రెండు రాత్రులు నిదురపోనీయలేదు. ఒకరి మోకాళ్లకై మఱొకరి ప్రాణమును పణము పెట్టుట యెట్లు? కొలను చుట్టును కంచె వేయించి, తనంతట తాను మూసికొను తలుపును, పసివాని చేయి యందని గడియను పెట్టించిన పిదపనే మెట్లు దింపితిమి. మెట్ల క్రింది సందున ఈదు పిల్లలు చిక్కుకొను ప్రమాదము కలదు. ప్రక్కలు పలకలతో మూసి, నీరు తిరుగుటకు సన్నని రంధ్రములు మాత్రము విడిచితిమి. పెద్దవారొకరు గట్టున లేనిదే తలుపు తీయరాదు. ఖర్చు మెట్లకంటె కంచెకే యెక్కువయైనది. మగవారు గొణిగిరి, గొణుగనిండు.

ఇప్పుడు అత్తగారు సల్వారు ధరించి ప్రతి యుదయము అరగంట నీట నడచుచున్నారు. మెట్ల వెనుక నీరు సరిగ కదలక నాచు పట్టును గాన వారమున కొకసారి వానిని పైకి తీసి తోముదుము. ఆ దినమున మాత్రము, ఎప్పుడు తిరిగి దింపుదురని ఆమె ముమ్మా రడుగుదురు.