అవతల ఉన్నది ఎవరు?

సాకెట్ ప్రోగ్రామింగ్‌లో గెట్‌పీర్‌నేమ్ అని ఒక ఫంక్షన్ ఉంది. మనలో చాలామంది ఇంజనీరింగ్ ల్యాబ్‌లో ఒకసారి రాసి, రికార్డు మీద సంతకం పెట్టించుకుని మర్చిపోయిందే. కనెక్ట్ అయిన సాకెట్ చేతికిస్తే అవతలి కొస అడ్రస్ చెప్తుంది. 1983లో 4.2 బీఎస్‌డీతో వచ్చింది. పేరులో 'నేమ్' ఉంది కదా అని మనిషి పేరు చెప్తుందనుకునేరు! ఐపీ అడ్రస్, పోర్ట్ నంబరు... అంతే. అదీ ఎవర్నీ అడిగి చెప్పదు, కనెక్షన్ కుదిరినప్పుడు కెర్నెల్ రాసిపెట్టుకున్నది చదివి ఇస్తుంది.

ఇంతకుముందు పనిచేసిన చోట ఒక సర్వర్‌కి లాగింగ్ నేనే రాశాను. ఐపీవీ4 కాబట్టి 16 బైట్ల స్ట్రక్చర్, అందులో పోర్ట్ కూడా ఉంటుంది. ప్రతి కనెక్షన్‌కీ మారిపోయే ఆ అంకె ఎందుకులే, లైను పొడుగైపోతోందని తీసేశాను. కోడ్ రివ్యూలో కూడా ఎవరూ ఏమీ అనలేదు లెండి.

ఒకరోజు సాయంత్రం సర్వర్లో కొన్ని ఫైళ్ళు ఎగిరిపోయాయి. లాగిన్ అందరికీ ఒకటే (అదో పెద్ద కథ). లాగ్ చూస్తే అడ్రస్ మా ఇంకో ఆఫీసుది. ఆ రోజు అక్కడ ఆఖర్న వెళ్ళింది ఒక కాంట్రాక్ట్ కుర్రాడు. ఇంకేం, మీటింగ్‌లో "ఐపీ దొరికింది కదా, ఇంకా డౌటేంటి?" అన్నారు మేనేజర్ గారు.

దొరికింది రౌటర్ ఐపీ అండీ. దాని వెనక 40 దాకా మెషీన్లు ఉంటాయి. బయటికెళ్ళే ప్రతి ప్యాకెట్ మీదా లోపలి అడ్రస్ చెరిపేసి, రౌటర్ తన అడ్రస్ వేస్తుంది. ఏ మెషీన్‌కి ఏ పోర్ట్ ఇచ్చిందో దానికి మాత్రమే తెలుసు. నేను రాసుకున్నది ఫ్లాట్ నంబరు లేకుండా ఒట్టి అపార్ట్‌మెంట్ పేరు అన్నమాట.

ఈ మాట ఆ మీటింగ్‌లోనే చెప్పాలి. చెప్పలేదు. లాగ్ నాది, తప్పు బయటపడుతుందని భయం. రెండు రోజులు నానబెట్టి మెయిల్ పెట్టాను. రౌటర్ లాగ్ తెప్పించారు, అందులో పోర్టులన్నీ ఉన్నాయి. నా లాగ్‌లో లేవు! ఆ నిమిషంలో మా సర్వర్‌కి తొమ్మిది మెషీన్ల నుంచి కనెక్షన్లున్నాయి. తొమ్మిదిలో ఏదో ఎలా తేల్చడం? కుర్రాడు చేశాడనీ రుజువు కాలేదు, చెయ్యలేదనీ కాలేదు. ఆ నెలాఖరుకి అతని కాంట్రాక్ట్ రెన్యూ కాలేదు. కారణం అడిగితే "బడ్జెట్" అన్నారు.

ఇంటర్నెట్‌కి ఎదురుగా ఉండే సర్వర్లు సోర్స్ పోర్ట్‌నీ, సెకను వరకు కచ్చితమైన టైమ్‌నీ లాగ్ చెయ్యాలని ఆర్‌ఎఫ్‌సీ 6302 చెప్తుంది. 2011లో వచ్చింది. నేను చదివింది ఇదంతా అయ్యాక.

పోర్ట్‌ని లాగ్‌లో కలపడానికి ఒక్క లైను సరిపోయింది. ఎన్‌టీఓహెచ్‌ఎస్ మర్చిపోయి మొదట బైట్లు తిరగబడిన అంకెలు వచ్చాయి, అది వేరే సంగతి. ఆ కుర్రాడి నంబరు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. చెయ్యాలి.