గోడకు ఊపిరి కావాలి

ధ్యాన భాగం: యెహెజ్కేలు 13:10–15, మత్తయి 5:23–24



ఫ్రాన్సు దక్షిణాన సెవెన్ కొండల్లోని ఒక పల్లెలో, పాత రాతి ఇంట్లో మేము కాపురముంటున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. ఇల్లు బాగుచేసుకుంటూనే అందులో ఉంటున్నాం. ఒక గదిలో పని జరుగుతుంటే ఇంకో గదిలో వంట, పడక, కుటుంబ ప్రార్థన. మా మంచం ఇప్పటికి నాలుగు గదులు తిరిగింది.

ఈ ఇంటి ఉత్తరపు గోడకు చెమ్మ ఉండేది. వచ్చిన మొదటి ఏడాదే చలికాలం రాకముందు పని తేల్చేయాలని, ఎవరినీ అడగకుండా నేనే సిమెంటు కలిపి నడుమెత్తు వరకు లోపలా బయటా గట్టిగా పూసేశాను. పైన తెల్లరంగు వేశాం. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. నాకూ కొంచెం గర్వంగానే అనిపించింది.

రెండేళ్లు తిరిగేసరికి చెమ్మ సిమెంటు అంచు దాటి ఛాతీ ఎత్తున తేలింది. అల్మరాలో బట్టలకు బూజు పట్టింది. గోడలోకి దిగిన చెస్ట్‌నట్ దూలం చివర వేలితో నొక్కితే పొడి రాలింది. పక్కింటి పెద్దాయన ఒకప్పుడు తాపీమేస్త్రి. ఆయన వచ్చి గోడను తట్టి చూసి, "పాస్టరు గారూ, గోడకు ఊపిరాడకుండా చేశారు" అన్నారు.

ఆయన చెప్పింది ఇదీ. ఇక్కడి పాత గోడలు రెండు వరుసల రాయి. మధ్యలో మట్టి, రాతి ముక్కలు. పునాదిలో నీటిని ఆపే పొర ఏదీ ఉండదు. నేల చెమ్మ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నం పూత ఆ చెమ్మను నెమ్మదిగా గాలిలోకి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. దారి మూసుకుపోయిన నీళ్లు ఇంకా పైకి ఎక్కి, చివరికి దూలాన్ని పట్టుకుంటాయి. మన పల్లెల్లో పెద్దవాళ్లు ఎద్దుల గానుగలో నూరిన డంగు సున్నంతో ఇళ్లు కట్టుకున్నారు. చిన్నప్పుడు ఆ మాట ఎన్నిసార్లు విన్నానో! అయినా నాకు బుద్ధి రాలేదు.

ఆ రాత్రి యెహెజ్కేలు 13వ అధ్యాయం తెరిచాను. సమాధానం లేనిచోట సమాధానముందని చెప్పే ప్రవక్తలను దేవుడు అక్కడ దేనితో పోల్చాడో మీకు తెలుసు. బలం లేని గోడకు పైపూత పూసేవాళ్లతో. ఈ వాక్యం మీద నేను చాలాసార్లు ప్రసంగించాను. ఆ రాత్రి అది నన్నే నిలదీసింది.

మా నాన్నగారు ప్రభువు సన్నిధికి వెళ్లాక, ఊళ్లోని ఇంటి విషయంలో నాకూ తమ్ముడికీ మాట వచ్చింది. నాన్న మందుల ఖర్చు లెక్క చెప్పమని నేను ఫోన్‌లో అడిగాను. ఆయన్ను చివరిదాకా చూసుకున్నది వాడు. ఆ తర్వాత మూడేళ్లు ప్రతి ఆదివారం వాడికి ఒక వాక్యం బొమ్మ, "ప్రైజ్ ది లార్డ్" పంపాను. వాడు రెండు చేతులు జోడించిన గుర్తు పంపేవాడు. మేం బాగానే ఉన్నామని అందరికీ చెప్పేవాణ్ణి. అదే నా సిమెంటు పూత.

1685లో ప్రొటెస్టెంట్ ఆరాధనను రాజు నిషేధించాక, 1787 దాకా, ఈ కొండల విశ్వాసులు బైబిళ్లను ఇళ్లలో దాచుకున్నారు. అలాంటి సీమలో, కాపరినైన నేను గోడలో దాచింది కుళ్లు.

ఏప్రిల్‌లో సుత్తి, ఉలి పట్టుకుని సిమెంటు కొట్టడం మొదలుపెట్టాను. దానితోపాటు రాళ్ల అంచులు కూడా ఊడొచ్చాయి. ఆ వారమే తమ్ముడికి ఫోన్ చేశాను. ముందు గోడ సంగతి చెప్పాను, తర్వాత క్షమించమని అడిగాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నయ్యా, మందుల బిల్లులున్నాయి, పంపిస్తాను. నాన్నకు స్నానం చేయించిన రోజులకు ఏం లెక్క రాయమంటావు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. బిల్లులు వద్దురా అని మాత్రం అనగలిగాను. వాడు ఫోన్ పెట్టేశాడు.

ఇప్పుడు గోడ రాళ్లు బయటపడి వికారంగా ఉంది. వేసవంతా ఆరాలి. సెప్టెంబరులో, మంచు పడకముందు సున్నం పూయాలి. తడి గోడ మీద తొందరపడొద్దని పెద్దాయన హెచ్చరించారు. వచ్చినవాళ్లు ఏమనుకుంటారోనని మా ఇంటావిడ బాధపడుతుంటే, ఆరనీ అంటున్నాను. మొన్న రాత్రి తమ్ముడే ఫోన్ చేశాడు. "గోడ ఆరిందా అన్నయ్యా?" అని అడిగాడు. ఇంకా లేదురా అన్నాను.

ప్రియులారా, మీ ఇంట్లో ఏ గోడకు రంగు వేసి ఊరుకున్నారు? అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి వెళ్లమన్న ప్రభువు, ఆ దారి సులువని చెప్పలేదు. అయినా ఈ వారం ఒక్క ఫోన్ చేయండి.

ప్రార్థన: ప్రభువా, మేము పూసిన పైపూతను రాల్చుము. గోడ ఆరేవరకు ఓర్చుకొను కృప దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.