వాన కురిసి చెరువు నిండెను

నంద్యాలనుండి ఆళ్ళగడ్డకు పోవు దారిలో శిరివెళ్ల కలదు. తూర్పున దూరముగా నల్లమల కొండలు, చుట్టును నల్లరేగడి చేలు. 2022వ సంవత్సరము వరకు ఈ యూరు కర్నూలు జిల్లాలో నుండెను. ఇప్పుడు నంద్యాల జిల్లాలోనిది. ఆ ప్రాంతపు బడిలో తెలుగు చెప్పుచుండిన ఒక పండితునికి, ఇంగ్లీషు ఉపాధ్యాయుడు సెలవులో నుండుటచే, కొన్ని నెలలు ఎనిమిదవ తరగతికి ఇంగ్లీషు వ్యాకరణము కూడ చెప్పవలసివచ్చెను.

మొదటి పాఠము వాక్యభేదములు: సామాన్యము, సంయుక్తము, సంక్లిష్టము. పిల్లలకు లక్షణములు కంఠస్థములై యుండెను. అడిగినదే తడవుగా మువ్వురు నలుగురు లేచి తడబడక అప్పగించిరి. మీ సొంత వాక్యము నొక్కటి చెప్పుడనగా మాత్రము తరగతియంతయు తలవంచుకొనెను. లక్షణము వచ్చి లక్ష్యము రాకుండుట ఇంగ్లీషు చదువునకే పట్టిన తెగులు కాదు. తెలుగు వ్యాకరణమును ఇట్లే చదివి మరచినవారెందరో కలరు.

పండితుడు నల్లబల్లపై రెండు చిన్న తెలుగు వాక్యములు వ్రాసెను. వాన కురిసెను. చెరువు నిండెను. వీనిని కలుపుడనగానే, ‘వాన కురిసి చెరువు నిండెను’ అని అందరు నొక్క గొంతుతో పలికిరి. దీనినే ఇంగ్లీషున వ్రాయుడనెను. చివరి బల్లమీది బాలిక యొకతె ‘హావింగ్ రెయిన్డ్, ది ట్యాంక్ ఫిల్డ్’ అని వ్రాసి తెచ్చెను. అది తప్పని ఆయన యెరుగును. కొట్టివేయబోగా ఆ పిల్ల, “తెలుగులో ఒప్పయినది ఇంగ్లీషులో ఎట్లు తప్పగును సార్?” అని యడిగెను. ఆనాడు ఆయన సమాధానము చెప్పలేకపోయెను.

ఆ రాత్రి ఆయనకు పాణిని సూత్రము జ్ఞాపకము వచ్చెను. రెండు పనులకు కర్త యొక్కడే యైనపుడు, ముందు జరిగిన పనిని తెలుపు ధాతువునకు క్త్వా ప్రత్యయము చేరునని సంస్కృత వ్యాకరణము చెప్పును. తెలుగులో ‘కురిసి’, ‘తిని’, ‘పోయి’ అను రూపములకు వ్యాకర్తలు క్త్వార్థకములని సంస్కృతపు పేరే పెట్టిరి. కాని తెలుగువాని నోరు ఆ కట్టుబాటునకు పూర్తిగా లొంగలేదు. కురిసినది వాన, నిండినది చెరువు, కర్తలు వేరు. ఒకటి రెండవదానికి కారణమైనచో చాలును, మన భాష ఆ రెంటిని కలిపివేయును. ఇంగ్లీషు ఈ విషయమున సంస్కృతము పక్షము. ముందరి క్రియకు ఎవరు కర్తయో వెనుకటి క్రియకు వారే కర్త కావలెను. కనుక బాలిక వాక్యము ప్రకారము కురిసినదియు చెరువే, నిండినదియు చెరువే!

మరునాడు ఆయన “చెరువు కురియునా?” అని యడుగగా తరగతి గొల్లున నవ్వెను. ఆ బాలికయు నవ్వెను. నీ తప్పు తెలివితక్కువవలన వచ్చినది కాదు, తెలుగు బాగుగ వచ్చుటవలన వచ్చినదని ఆయన చెప్పినపుడు మాత్రము నవ్వు మాని వినెను.

అటుపిమ్మట పాఠము చక్కగా సాగెను. తెలుగు వాక్యమున ముడి క్రియకు తోకయందుండును: కురిసినందున, కురిసినను, కురిసినచో, కురిసినప్పుడు. ఇంగ్లీషున ముడి ఉపవాక్యమునకు తలయందు వేరుమాటగా నిలుచును: బికాజ్, ఆల్దో, ఇఫ్, వెన్. పిల్లలు దీనిని ‘తోకముడి, తలముడి’ యని పిలువసాగిరి. తోకముడి వేసిన క్రియ అసమాపకము. తలముడి వేసిన ఉపవాక్యములో క్రియకు మాత్రము కర్తయు కాలమును ఉండవలసినదే. ‘నిన్న వచ్చిన మనిషి’ యనుచోట మనకు ముందుండు విశేషణము, ‘ది మ్యాన్ హు కేమ్ యెస్టర్డే’ అని ఇంగ్లీషున వెనుకకు పోవును.

సంయుక్తమునకు, సంక్లిష్టమునకు భేదము తెలియుటకు ఒక ఆట పెట్టెను. ఒకడు లేచి ‘బికాజ్ ఇట్ రెయిన్డ్’ అని నిలిచిపోవలెను. “అయితే ఏమి?” అని తరగతి అడిగినచో అది తనకు తాను నిలువలేని ఉపవాక్యము, దానిని మోయు వాక్యము సంక్లిష్టము. ‘ఇట్ రెయిన్డ్’ అని యొకడు, ‘ది ట్యాంక్ డిడ్ నాట్ ఫిల్’ అని యొకడు వేరువేరుగ చెప్పినను ఎవరును ఏమియు అడుగరు. అవి సరిసమానములు, నడుమ ‘బట్’ చేరినచో సంయుక్తము. సగము మంది పిల్లలు ముందు ‘ఆల్దో’ పెట్టి నడుమ ‘బట్’ కూడ పెట్టుచుండిరి. పట్టు చాలదేమో యని గడ్డిమోపునకు రెండు తాళ్ళు కట్టినట్లు! ఒకదానిని విప్పుడని చెప్పి, ఏది విప్పవలెనో వారికే విడిచెను. ఇష్టము వచ్చినది విప్పవచ్చును. వాక్యపు పేరు మాత్రము మారును.

ఇంతలో పత్తి తీతలు వచ్చెను. ఆ బాలిక మూడు దినములు బడికి రాలేదు. నాలుగవ దినమున సెలవుచీటి తెచ్చెను. బడిపిల్లల సెలవుచీటి యెట్లుండునో అందరికి తెలిసినదే: ‘ఆజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని మొదలగును. అదియు సంక్లిష్ట వాక్యమే. ఏండ్ల తరబడి పిల్లలు దానిని వ్రాయుచునే యుందురు, సంక్లిష్టమని యెరుగక, అనేక పర్యాయములు జ్వరమును లేకయే.

ఈ చీటిలో జ్వరము లేదు. ‘ఐ డిడ్ నాట్ కమ్ బికాజ్ మై మదర్ వజ్ సిక్ అండ్ ఐ పిక్డ్ కాటన్ ఇన్ హర్ ప్లేస్’ అని యుండెను. సంక్లిష్టము కడుపులో సంయుక్తము. అట్టి వాక్యమును ఆయన ఇంకను చెప్పియుండలేదు. పండితుడు దానిని రెండుమార్లు చదివెను. ఎఱ్ఱసిరా కలమును మూసి జేబులో పెట్టుకొని, “మీ యమ్మకు ఇప్పుడెట్లున్నదమ్మా?” అని యడిగెను. ఇంకను లేవలేదని ఆ పిల్ల చెప్పెను. ఆ సాయంకాలము బడి విడిచిన తరువాత ఆయన, జరిగిపోయిన మూడు దినముల పాఠములు వ్రాసిన నోటుపుస్తకమును చంకబెట్టుకొని, ఆ పిల్ల వెంట వారి యింటికి పోయెను.