బెల్లిన్ పిల్లలు

మా గురుకుల పాఠశాలలో కోయ పిల్లవాడొకడు సెలవులనుంచి తిరిగివచ్చి, "అవ్వ చెప్పేది సగం అర్థం కావడంలేదు సార్" అన్నాడు. వాడికి తెలుగులో తొంభై మార్కులు వేసి మురిసిపోయినవాణ్ణి నేనే.

అప్పుడు నాకు బెల్లిన్ గుర్తుకువచ్చింది. స్వాపో కోరగా 1979లో తూర్పు జర్మనీ, నమీబియా శరణార్థుల పిల్లల్ని సుమారు 80 మందిని తెచ్చి ఆ పల్లెలోని పాత భవంతిలో వుంచింది. తర్వాత మొత్తం 430 మంది దాకా అయారు. అంతకు ముందటి యేడే దక్షిణాఫ్రికా సైన్యం కసింగా శిబిరంమీద దాడిచేసి వందలమందిని చంపింది. కనుక ఆ ఆశ్రయాన్ని తేలికచేసి మాట్లాడటం అన్యాయం. తిండి పెట్టారు, చదువు చెప్పారు, రేపటి నమీబియా మీదేనన్నారు. వెంట నమీబియా పంతులమ్మలు కూడా వున్నారు. అయినా ఆ పిల్లల నోట ముందు పలికింది జర్మనే.

1990 మార్చిలో నమీబియాకు స్వాతంత్ర్యం వచ్చింది; ఆగస్టులో పిల్లల్ని విమానం ఎక్కించారు; అక్టోబరుకు వారిని పెంచిన రాజ్యమే లేదు. కొందరికి కన్నవారి ముఖాలే కొత్త. ఓషివాంబో, ఇంగ్లీషు, జర్మను కలిపి తమలో తాము వొక భాష అల్లుకున్నారు.

మిషనరీ బడి వేరు, సంఘీభావం వేరని నేనూ వాదించాను. వేరే, నిజమే. కాని యింటికి వెళ్ళి యే భాషలో మాట్లాడతావని పిల్లవాణ్ణి యెవరడిగారు? నేనూ అడగలేదు.

మళ్ళీ సెలవులు వేసవిలోనే. అవ్వకు ఎనభై దాటాయట.