తేనెటీగల మాట కూడా అర్జీలో రాద్దాం



మఠంపల్లి మండలంలో సిమెంటు దుమ్ము గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు. దగ్గు, కళ్ల మంట, బ్లాస్టింగులకు పగిలిన గోడలు, ఇవన్నీ మనం అర్జీల్లో రాసినవే. తేనెటీగల సంగతి మాత్రం ఇప్పటిదాకా రాయలేదు.

మన యాడీలు పెరట్లో పెట్టే గుమ్మడి, దోస పాదులకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. ఈగ మగపువ్వు మీద వాలి ఆడపువ్వు మీదికి పోతేనే పిందె నిలుస్తది. లేకుంటే పసుపచ్చగా మారి రాలిపోతది. అప్పుడు మనోళ్లు దిష్టి అంటరు, లేదంటే మందు కొడతరు. మందు కొడితే ఉన్న ఈగలు కూడా పాయె!

మంచు కురిసిన పొద్దున ఆకు మీది సిమెంటు దుమ్ము తడిసి పెచ్చు కడుతది. పువ్వులో పడితే ఇంకా నష్టం. అమెరికాలో సిమెంటు మిల్లు దగ్గరి చెర్రీ చెట్లను చూసి ఆండర్సన్ అనే శాస్త్రవేత్త 1914లోనే ఈ విషయం రాశాడు. దుమ్ము కీలాగ్రం మీది తడిలో కరిగి క్షారమవుతుంది, ఇక పుప్పొడి మొలవదు. అంటే ఈగ వచ్చిపోయినా కాయ కాయదు.

అసలు ఈగ వస్తదా? బెంగళూరు పరిశోధకులు పెద్ద తేనెటీగల మీద చేసిన అధ్యయనం 2020లో అచ్చయింది. కాలుష్యం ఎక్కువున్న చోట పూల మీదికి వచ్చే ఈగలు తక్కువ. కాలుష్యం ఓ మాదిరిగా, ఎక్కువగా ఉన్న చోట్ల పట్టుకున్న ఈగల్లో 80 శాతానికి పైగా 24 గంటల్లోనే చచ్చిపోయినయి. ఇంగ్లండులో ఆవ పైరు మీద డీజిల్ పొగ, ఓజోన్ వదిలి చూస్తే పూల వాసన చెడిపోయి పురుగులు దారి తప్పినయి. అది 2022 సంగతి.

బెంగళూరుది ట్రాఫిక్ పొగ, సున్నపురాయి దుమ్ము కాదు, నిజమే. కానీ మన రోడ్డు మీద లారీలేం తక్కువా? దుమ్ము, పొగ రెండూ మన మీదనే పడుతున్నయి.

2006 నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనికైనా ఫ్యాక్టరీ విస్తరణకైనా మామూలుగా ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి, కనీసం 30 రోజుల ముందు చెప్పాలి. రాతపూర్వకంగా కూడా ఇవ్వొచ్చు. "ఈగలు తగ్గినయి" అని ఊరికే అంటే అక్కడ నవ్వుతరు. అందుకే గుమ్మడి పూత మీదున్నప్పుడు రోడ్డు పక్క తండాలో ఒకరు, దూరం తండాలో ఒకరు పొద్దున ఏడింటికి పది పూల ముందు అరగంట కూర్చోండి. ఎన్ని ఈగలు వాలినయో, తర్వాత ఎన్ని పిందెలు నిలిచినయో తేదీతో నోటుబుక్కులో రాయండి. ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, పట్టిక మేం తయారు చేస్తాం.